కాయితం మీద పేరు

గౌతమి రాసేది మనుషులు చదవరు. ఉద్యోగంలో చేరిన రోజే పై అధికారి శ్యాంసుందర్ ఈ సంగతి తేల్చేశాడు. "నువ్వు రాసేది చదివేది ఏఐ ఏజెంటు. దానికి మొహమాటం ఉండదు, అనుమానం అసలే ఉండదు. ఏ బటనుకి ఏం రాస్తే అదే వేదం దానికి. అందుకని కథలు వద్దు. ఒక్కో దానికి ఒక్క వాక్యం."

అందుకే సోమవారం పొద్దున్న ఆమె డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కో వాక్యం రాస్తోంది. సిగ్నలు బాగా దొరికేది అక్కడే. కొబ్బరి మట్ట ఊగినప్పుడల్లా ఒక గీత తగ్గుతుంది, ఆగగానే మళ్ళీ వస్తుంది.

బెంగుళూరు కంపెనీ వాళ్ళు తమ పనిముట్టుకి జల్లెడ అని పేరు పెట్టుకున్నారు. సోషల్ మీడియాలో జనం నలుగురికీ కనపడేలా పెట్టుకున్న రాతల్నీ ఫొటోల్నీ, ఫొటోల్లో ఉన్న అక్షరాల్నీ కూడా వెతికి ఏజెంటు చేతిలో పెట్టడం దాని పని. ఏజెంటంటే మనిషి కాదు, ఇంకో కంపెనీ పెట్టుకున్న ప్రోగ్రాము. దానికి జల్లెడని ఎలా వాడాలో చెప్పే పుస్తకం గౌతమి రాయాలి. గురువారానికి పూర్తవాలి. పూర్తయితే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఆరు నెలల ప్రొబేషను ఇంకో మూడు నెలలు సాగుతుంది.

ఊళ్ళో మాత్రం ఇంకో కథ నడుస్తోంది. రత్నాలమ్మ కూతురు ఏజెంట్లకి పాఠాలు చెప్తోందట. ఈ ఉద్దానంలో ఏజెంటంటే గల్ఫుకి పంపిస్తానని పాస్‌పోర్టు పట్టుకుపోయేవాడు. పక్కింటి బొడ్డమ్మ మూడు వారాలుగా గౌతమిని చూస్తే చీర కొంగు సర్దుకుని పక్కకి తప్పుకుంటోంది.

"ఒలే గౌతమీ." కింద నించి అమ్మ కేక. "నానెల్తన్నాను. ఆటో వచ్చీసింది."

రత్నాలమ్మ పలాసలో జీడిపప్పు మిల్లుకి పోతుంది. పప్పు ఏరే పని. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, నూక ఒక పక్క. ఇరవై ఏళ్ళుగా అదే బల్ల. గౌతమి దిగి వచ్చేసరికి ఆమె వంటింటి గూట్లో చెయ్యి పెట్టి తలనొప్పి మాత్రల అట్ట తీసి బొడ్లో దోపుకుంటోంది.

"అమ్మా, అది నాది."

"తలనొప్పొత్తే పెరుగన్నం తినీసి కాసేపు తొంగో. ఈ బిళ్ళలు వొద్దు."

"ఒక్క బిళ్ళకి ఏటైపోద్ది?"

"అయ్యేక తెలుత్తాది. నీ కేనుల నీళ్ళే తాగు. అటుపక్క కుండల ముంచుకోకు."

గౌతమికి ఇంట్లో సొంతంగా ఒక నీళ్ళ కేను ఉంది. మూత మీద ఎర్రదారం కట్టి ఉంటుంది. ఉద్యోగం చేసే పిల్లకి గౌరవం అనుకుంది మొదట్లో. తర్వాత పిసినారితనం అనుకుంది, కేను నీళ్ళు అందరికీ పొయ్యలేక ఒకరికే పోస్తోందని. తమ్ముడు మనోహర్ దీనికి ఒక సిద్ధాంతం కూడా తయారుచేశాడు.

"అప్ప లేప్‌టాప్ మడిసి. మనం బోరు మడుసులం," అన్నాడు అక్కని చూసి, గుమ్మంలో షూ తుడుచుకుంటూ. ఆ షూ వారంలో మూడుసార్లు తుడుస్తున్నాడు. విశాఖ అవతల పంపులు తయారుచేసే కంపెనీలో ఫిట్టరు ఉద్యోగానికి టెక్కలిలో పరీక్ష పెట్టారు. ఇనుప ముక్కని ఆకురాయితో అరగదీసి ఇంకో ముక్కలో గాలి దూరకుండా కూర్చాలి. నలభైమందిలో నలుగురివే కుదిరాయి. వాటిలో ఒకటి మనోహర్‌ది. కళ్ళు చూశారు, బి.పి. చూశారు, బరువు చూశారు. ఇక వచ్చే సోమవారం చేరమని కాగితం రావడమే తరువాయి.

మధ్యాహ్నం అదే వచ్చింది. ఫోను పట్టుకుని రెండేసి మెట్లెక్కుతూ వచ్చాడు.

"అప్పా, ఇందల రిగ్రెట్ అనున్నాది. రిగ్రెట్టంటే ఆలు బాధపడతన్నారా, నన్ను బాధపడమంతన్నారా?"

గౌతమి చదివింది. అభ్యర్థి గురించి వాకబు చేయగా ఆరోగ్యానికి సంబంధించిన ప్రతికూల సమాచారం దొరికింది. అందువల్ల నియామకం నిలిపివేశాం. అభ్యంతరం ఉంటే గురువారం సాయంత్రం ఐదు లోపు తగిన పత్రాలు పంపవచ్చు.

"నీకేటైనా ఉందేట్రా?"

"ఏటి?"

"ఒంట్ల. ఏటైనా."

"నాకేటుంతాది? గున్నేనుగులాగున్నాను." వాడు నవ్వబోయి ఆగిపోయాడు. "ఆలకి ఎవలు సెప్పినారప్పా?"

ఆ ప్రశ్నకి జవాబు తన ఒళ్ళోనే ఉందని గౌతమికి అప్పటికి తెలియదు.

పొద్దున్న శ్యాంసుందర్ ఒక ఫైలు పంపాడు. ట్రయల్లో ఉన్న కస్టమర్లు జల్లెడని ఏమేం అడిగారో, అది ఏమేం ఇచ్చిందో మొత్తం ఆ ఫైల్లో ఉంది. "ఉదాహరణలు సొంతంగా కల్పించకు. చప్పగా ఉంటున్నాయి. నిజంగా అడిగినవే తీసుకో, పేర్లు మార్చెయ్," అన్నాడు. మూడొందల వరుసలు. నూట నలభయ్యో వరుస దగ్గర ఆమె వేలు ఆగింది.

ప్రాంతం: మందస, చుట్టుపక్కల. పదాలు: కిడ్నీ, డయాలసిస్, క్రియాటినిన్. దాని కింద ఇరవై రెండు పేర్లు, ఊళ్ళతో సహా. పదకొండో పేరు మనోహర్.

దొరికింది: ఒకటి. ఎల్లాజీ పేజీలో రెండేళ్ళ కిందటి ఫొటో, స్కూల్లో పెట్టిన కిడ్నీ పరీక్షల కేంపుది. ఫొటోలోని అక్షరాలు: మనోహర్, క్రియాటినిన్ 1.8. ఎవరి గురించి: మనోహర్.

ఆ చివరి గడికి అర్థం ఏజెంటుకి చెప్పే వాక్యం పైన పుస్తకంలో ఉంది. "ఎవరి గురించి: ఫొటోలో కనిపించిన పేరు, ఆ సమాచారం ఈ మనిషిది." మూడు వారాల కిందట తనే రాసింది. శ్యాంసుందర్ దాని పక్కన చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టాడు.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో లెక్కలు రానివాళ్ళకి కూడా క్రియాటినిన్ అంకెలు వస్తాయి. ఒకటి లోపల అయితే దండం పెట్టుకుంటారు. ఒకటిన్నర దాటితే గొంతు తగ్గిస్తారు. 1.8 అంటే గొంతు పూర్తిగా పోయే అంకె.

ఆ సాయంత్రమంతా ఆమె తమ్ముణ్ణి చూస్తూనే ఉంది. ఎన్ని గ్లాసులు తాగాడు, ఎన్నిసార్లు పెరట్లోకి వెళ్ళాడు. వాడు అరుగు మీద కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటూంటే పక్కన కూర్చుని, ఏదో దెబ్బ కనిపించినట్టు వాడి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. ఒంట్లో నీరు చేరితే గుంట పడుతుందని ఈ ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

మనోహర్ ఫోను దించాడు. "ఏటప్పా, కాళ్ళు పట్టుకుంతన్నావు? నిన్ను నానేటి అననేదే."

గుంట పడలేదు. అంతమాత్రాన ఆమె నమ్మలేదు. రోగం దాచడంలో ఈ ఊళ్ళో అందరూ ఆరితేరినవాళ్ళే.

రాత్రి అన్నాల దగ్గర అమ్మని కూడా చూసింది. రత్నాలమ్మ కొడుక్కి ఎండుచేపల పులుసు రెండు గరిటెలు వేసింది. గౌతమి కంచంలో చప్పటి పెసరపప్పు.

"తమ్ముడికి రెండేళ్ళకితం కేంపుల ఏటైనా వచ్చిందేటమ్మా?"

గరిటె గిన్నె అంచుకి తగిలింది. "ఏ కేంపు?"

"ఇస్కూల్ల. ఎల్లాజీ బాబాయి పెట్టించినాడు."

"ఆడికేటొత్తాది?" రత్నాలమ్మ మజ్జిగ తేవడానికి లేచింది. మజ్జిగ గిన్నె ఆమె మోకాలి పక్కనే ఉంది.

*

మంగళవారం పొద్దున్న గౌతమి ఎల్లాజీ కొట్టుకి వెళ్ళింది. సిమెంటు, పైపులు అమ్మే కొట్టు. వెనక గోడ నిండా ఆయన ఎవరెవరికో దండలు వేస్తున్న ఫొటోలు. ఆ పోస్టు ఆయన పేజీదే. చేతిలో తెరిచిన రిజిస్టరు, పక్కన తెల్లకోటు డాక్టరు, మధ్యలో ఎల్లాజీ నవ్వు.

"బాబాయ్, ఈ ఫొటో తీసీగలవా?"

"తీసీడమా?" ఎల్లాజీ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నాలుగొందల పన్నెండు లైకులమ్మా దానికి. నా పుట్టినరోజుకే అన్ని రానేదు."

"రిజిస్టరు కనిపిత్తన్నాది. అందరి పేర్లూ."

"కనిపించాలనే కదా అలగ పట్టుకున్నాను! లేపోతే కేంపే పెట్టనేదంతారు మనోలు." తర్వాత ఆయన గొంతులో ఇంకేదో చేరింది. "అయినా నీకేలమ్మా? మీ కంపెనీ ఏటైనా సర్వే సేత్తందా? రక్తం అమ్ముకుంతారంటగా పేర్లు పట్టుకెళ్ళి?"

"మనోహర్ పేరుంది బాబాయ్ అందల. ఉజ్జోగం ఆగిపోయింది."

ఎల్లాజీ మంచివాడే. కాకపోతే ఆ మంచితనానికి ఎప్పుడూ ఒక ఫొటో కావాలి. "సరే, రిజిస్టరు కాడికి కత్తిరించీసి మళ్ళీ పెడతాను. నా మొహం కాడికి కాదు సుమా."

కత్తిరించినా లాభం లేదని ఆమెకి తెలుసు. జల్లెడ ఒకసారి పట్టుకున్న ఫొటోకి తన దగ్గర నకలు ఉంచుకుంటుంది. అది గొప్ప సౌకర్యమని పుస్తకం రెండో పేజీలో తనే రాసింది. అయినా అసలు ఫొటో ఆయన ఫోనులో పెద్దది చేసి చూపించమంది. అక్షరాలు ఉబ్బాయి. పదిహేడో వరుస. మనోహర్. పు. 23. పక్కన 1.8, దాని కింద ఎర్రగీత.

ఇరవై మూడు. మనోహర్‌కి ఇప్పుడే ఇరవై మూడు. అప్పటికి ఇరవై ఒకటి.

కేంపుల్లో రాసేవాళ్ళకి వయసులు సరిగ్గా ఎప్పుడు పడ్డాయి కనక అనుకుని ఆ గడిని వదిలేసింది. ఎండలో నడిచి వచ్చేసరికి తల పగిలిపోతోంది. గూట్లో బిళ్ళ లేదు. వెళ్ళి డాబా మీద కూర్చుని శ్యాంసుందర్‌కి ఫోను చేసింది.

"ఫొటోలో ఉన్న పేరు తప్పయితే ఏజెంటుకి ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. తెలియాల్సిన పని లేదు. తొంభై ఆరు శాతం కరెక్టే వస్తోంది."

"మిగిలిన నాలుగు?"

"గౌతమీ, రిజల్టు మీద రిజల్టే డౌటు పడితే ఎవడు కొంటాడు?" ఆయన నవ్వాడు. "మనం కూడా కొత్తవాళ్ళని ఇందులో జల్లించే తీసుకుంటున్నాం. నిన్ను కూడా."

"నా మీద ఏం వచ్చింది?"

"ఏమీ రాలేదు. క్లీన్. మీ ప్రాంతం నించి అంత క్లీన్‌గా రావడమే గొప్ప అన్నాడు మా హెచ్.ఆర్."

మెచ్చుకున్నాడో తిట్టాడో ఆమెకి వెంటనే తెలియలేదు. కొబ్బరి మట్ట ఊగింది. ఫోను కట్టయింది.

*

బుధవారం అక్కాతమ్ముళ్ళు సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరెక్కి పలాస వెళ్ళారు. లేబు కాశీబుగ్గలో, మందుల షాపు మేడ మీద. బల్ల దగ్గర వసంత అని నలభై దాటిన ఆవిడ పేర్లు రాసుకుంటోంది. చెవి వెనక పెన్ను, చేతిలో ఇంకో పెన్ను.

మనోహర్ చొక్కా చెయ్యి మడిచి, సూది వైపు చూడకుండా గోడ మీద కేలండరు చదివాడు. "ఒకేల వచ్చిందనుకో అప్పా," అన్నాడు మెల్లిగా, "అమ్మకి నువ్వు సెప్పు. నాను సెప్పలేను."

నిన్నటిదాకా వాడు దాస్తున్నాడనుకుంది. ఆ మాటతో గౌతమి అనుమానం వాడి మీద నించి పూర్తిగా లేచిపోయింది. లేచింది కానీ, వాలడానికి ఇంకో చోటు దొరకలేదు.

రెండు గంటల తర్వాత కాగితం ఇచ్చారు. 0.9.

మనోహర్ మెట్ల మీదే గెంతాడు. గౌతమి అక్కడికక్కడే బెంచీ మీద కూర్చుని రిపోర్టు ఫొటో తీసి కంపెనీకి పంపింది. జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. నాలుగు నిమిషాల్లో జవాబిచ్చే ఆఫీసు మనుషుల్ని ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ నున్నటి మర్యాద కూడా తనకి బాగా తెలిసినదే.

"కొత్త నివేదిక అందింది. ఇది పాత నమోదును తప్పని నిరూపించదు. మా ఆధారం ప్రకారం ఆ సమాచారం ఈ మనిషిది. కాదంటే, ఆ నమోదు అసలు ఎవరిదో వారు తమ పేరుతో రాసిచ్చిన వాంగ్మూలాన్ని, వారి నివేదికను జతచేయండి."

ఆ సమాచారం ఈ మనిషిది. తన వాక్యమే కామా పోకుండా తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏటమ్మా, బాగానే వచ్చింది కదా, మొకం అలగెట్టినావేటి?" అంది వసంత.

గౌతమి చెప్పింది. కేంపులో తమ్ముడి పేరు మీద ఎవరి అంకె పడిందో తెలియడం లేదని.

వసంత పెన్ను మూత పెట్టింది. "తెలీకపోడానికేటుంది? ఈ పుస్తకం సూడు. పన్నెండేళ్ళ నుంచి రాత్తన్నాను. మీ ఉద్దానం నుంచి పెళ్ళికాని ఆడపిల్ల ఒక్కర్తి నేదు ఇందల. రక్తం ఇచ్చినోలేమో కుర్సీల గాజులేసుకుని కూకుంతారు. పేరడిగితే పక్కనున్న అమ్మ సెప్తాది, అప్పలరాజని, గురుమూర్తని. నానూ రాసీత్తాను. నాకేటి పనీ, అడిగితే ఇంకో లేబుకి పోతారు."

బయట మనోహర్ ఎవరికో ఫోనులో పాయింటు తొమ్మిదని అరిచి చెప్తున్నాడు.

గౌతమి తన ఎడమ మోచేతి మడత వైపు చూసుకుంది. స్కూలు వరండా గుర్తొచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. హైదరాబాదు కంపెనీ ఏదో ఇంటర్వ్యూ ఫలితం చెప్తోంది, వినపడి చావడం లేదు. ఆ గొడవలోనే చెయ్యి చాపింది. చల్లగా దూది తగిలింది. నర్సు ఏదో అడిగింది, పక్క నించి అమ్మ ఏదో చెప్పింది. నర్సు మళ్ళీ ఏదో అడిగింది, ఈసారి గౌతమి చేతి వేళ్ళు చూపించి తనే చెప్పింది. ట్వంటీ త్రీ.

*

మిల్లులో ఏరే గది తెల్లగా ఉంటుంది. పొడుగాటి బల్లలు, తలకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు. ఎవరూ తల ఎత్తరు. మనోహర్‌ని స్టేషన్లో కూర్చోబెట్టి వచ్చిన గౌతమి తలుపు అద్దంలోంచి చూసింది. రత్నాలమ్మ దోసిలెడు పప్పు బల్ల మీద పరిచి, రెండు అరచేతుల అంచులతో చీల్చుతూ పోతోంది. పైకి తెల్లగా నిగనిగలాడే గుండుని కూడా చిటికెన వేలితో తిరగేసి చూస్తుంది. కడుపులో మచ్చ ఉంటే చప్పుడు లేకుండా పక్క డబ్బాలోకి జార్చేస్తుంది. గౌతమి చిన్నప్పుడు ఆ పని చూసి, మా అమ్మ చేతికి కళ్ళున్నాయని స్కూల్లో చెప్పేది.

భోజనాల గంట కొట్టారు. గేటు పక్క రేకుల షెడ్డులో రత్నాలమ్మ కేరేజీ విప్పింది. కూతుర్ని చూసి మొదట అడిగింది తమ్ముడి సంగతి.

"పాయింటు తొమ్మిది."

"హమ్మయ్య." అన్నం కలపబోయింది.

"పదిహేడో నెంబరు ఎవలమ్మా?"

"ఏ పదిహేడు?"

"కేంపుల. తమ్ముడి పేరు, ఇరవై మూడేళ్ళ వయసు."

రత్నాలమ్మ చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. "రాసినోలు తప్పు రాసుంతారు."

"వయసు నాను సెప్పినాను. పేరు నువ్వు సెప్పినావు."

షెడ్డు మీద కాకి రేకుని గీరింది. పక్కన తింటున్న ఇద్దరు ఆడవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు, కేరేజీలు తీసుకుని అవతలి గట్టు మీదికి పోయారు. అంటే వాళ్ళకి కూడా అర్థమైందన్నమాట. ఇక్కడ అందరికీ అన్నీ అర్థమవుతాయి, కాగితానికి తప్ప.

"ఆ వరసల ఎంతమంది ఆడగుంటలు నిలబడినారో నీకు తెల్సా?" రత్నాలమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కదాని పేరైనా పడిందేటి? అన్నున్నోలు అన్న పేరు, తమ్ముడున్నోలు తమ్ముడి పేరు. ఎవలూ నేనోలు తాత పేరు సెప్పినారు. ఆ తాత సచ్చిపోయి నాలుగేళ్ళు. ఆడపిల్ల పేరు కాయితమెక్కితే ఊరు దాటుతాది. మగోడిదైతే ఏటవుద్దనుకున్నాను. ఆడికి పిల్లనీ ఇత్తారు, పనీ ఇత్తారు. ఈ ఎల్లాజీగాడు దాన్ని ఫేసుబుక్కుల ఎడతాడని నాకేటి కల?"

"నాకెందుకు సెప్పలేదు?"

"పోయినేడు రక్తం తక్కువుందని తీసుకొచ్చినాను కదా ఇక్కడి లేబుకి? అప్పుడు మళ్ళీ సూపించినాను. ఒకటీ పాయింటు నాలుగు. తగ్గింది. తగ్గినదానికి సెప్పడమేటి?"

"అప్పుడెవలి పేరు?"

రత్నాలమ్మ అన్నం ముద్ద చేసి, మళ్ళీ విడదీసింది.

ఎర్రదారం కేను. బొడ్లో దోపుకున్న మాత్రలు. చప్పటి పప్పు. రెండేళ్ళుగా అమ్మది పిసినారితనం, చాదస్తం, కొడుకు మీద పక్షపాతం అని గౌతమి ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసి పెట్టుకుంది. అన్నీ తప్పే.

"ఎండుచేపలు కూడానా?"

"ఉప్పు కదే," అంది రత్నాలమ్మ, ఇంత చదువు చదివి ఇది కూడా తెలీదా అన్నట్టు.

కంపెనీ ఏమడిగిందో గౌతమి చెప్పింది. రేపు ఐదు లోపల. పేరుతో. రత్నాలమ్మ ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని చాలాసేపు వింది.

"ఈ ఉజ్జోగం పోతే పోనీ. ఆడు సేతిపనోడు, ఇంకోటి దొరుకుద్ది. నీ పేరు పడితే మరి సెరగదు."

"పడకుండా ఎక్కడుందమ్మా? ఆడి మీద పడింది. రేపు ఇంకో కంపెనీ అడిగినా అదే సెప్తాది. ఆ తరవాతదీ అదే సెప్తాది."

"ఏది సెప్తాది?"

"నాను పాఠం సెప్పినది."

రత్నాలమ్మ కేరేజీ మూత బిగించింది. అన్నం సగం అలాగే ఉంది. లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, గోళ్ళలో ఇరుక్కున్న పప్పు పొట్టుని ఇంకో గోటితో తీసుకుంటూ అంది. "ఆడికి సెప్పకు. అక్క రోగం తను మోసినాడని తెలిత్తే ఆడా ఉజ్జోగానికే పోడు."

గౌతమి తిరుగు పాసింజరులో కిటికీ పక్క సీట్లో లేప్‌టాప్ తెరిచింది. మనోహర్ ఎదురు సీట్లో కూర్చుని, రిపోర్టు మడత విప్పి చూసుకుంటూ, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. పుస్తకంలో ఆ వాక్యం దగ్గరికి వెళ్ళి, కామా తరువాతి సగాన్ని చెరిపేసింది. దాని చోట ఇలా రాసింది: "ఎవరి గురించి: ఫొటోలో కనిపించిన పేరు. సమాచారం వేరే మనిషిది కావచ్చు. ఆ మనిషిని అడగకుండా దీని మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు." పబ్లిష్ నొక్కింది. గురువారం దాకా ఆ బటను ఆమెదే.

సుమ్మాదేవి రాకముందే శ్యాంసుందర్ ఫోను వచ్చింది. ఆమె లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"ఆ లైను ఎందుకు మార్చావ్? మూడు ఏజెంట్లు అప్పుడే ఆగి, మనిషిని అడగాలి అంటున్నాయి. కస్టమరు మెయిల్ పెట్టాడు."

"అది తప్పు కాబట్టి."

"ఎవరన్నారు తప్పని?"

"నూట నలభయ్యో వరుస చూడండి. ఆ పేరు మా తమ్ముడిది. ఆ రక్తం నాది."

అటుపక్క కీబోర్డు చప్పుడు, టకటకా, నాలుగైదు మాటలంత. ఏం టైపు చేస్తున్నాడో ఆమెకి తెలియదు. వాక్యాన్ని వెనక్కి తిప్పుతున్నాడా, ఆమె పేరుని జల్లెడలో వేస్తున్నాడా, లేక ఊరికే వేళ్ళు ఆగక కొడుతున్నాడా.

"సరే," అన్నాడు చివరికి. "రేపు మాట్లాడుకుందాం. నువ్వు... ఆరోగ్యం చూసుకో." అంత మర్యాదగా ఆయన ఇంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

*

గురువారం పొద్దున్న గౌతమి ఆటో ఎక్కేసరికి రత్నాలమ్మ అందులో ముందే కూర్చుని ఉంది. మిల్లుకి పోయే చీర కాదు, ఊరికి పోయే చీర. మనోహర్ షూ తుడుచుకుంటూ, "ఇద్దరూ ఎక్కడికేటి?" అన్నాడు.

"ఆడోల పనులు నీకేల?" అంది రత్నాలమ్మ.

గౌతమి ఆటోలోంచి తల బయట పెట్టింది. "మజ్జాన్నం వచ్చి సెప్తాను. నువ్వు ఎటూ పోకు."

రత్నాలమ్మ కూతురి వైపు చూసింది. నిన్నటి మాట ఆమెకి గుర్తుంది. అయినా ఆటోవాణ్ణి పోనిమ్మంది.

మందస రోడ్డు మీద కుదుపు వచ్చినప్పుడల్లా రత్నాలమ్మ ఒళ్ళోని ఎర్రదారం సీసాని గట్టిగా పట్టుకుంది. కేను తేలేక అందులోంచి ఒక సీసా నింపి, దారం విప్పి దానికి కట్టింది.

లేబు అప్పుడే తెరిచారు. వసంత అగరొత్తి వెలిగించి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి తారీఖు వేసింది. తల ఎత్తి తల్లినీ కూతుర్నీ చూసింది. నిన్న ఏమీ మాట్లాడుకోనట్టే, రోజూ అడిగే గొంతుతోనే అడిగింది.

"పేరు?"

ఆమె అడిగింది తల్లిని. అది అక్కడి అలవాటు. రత్నాలమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. మ అనే అక్షరం దాకా వచ్చి పెదాలు కలిసి ఆగిపోయాయి.

"గౌతమి," అంది గౌతమి.

వసంత పెన్ను కాగితానికి ఒక వెంట్రుకంత ఎత్తులో ఆగింది. తర్వాత మెల్లిగా, ఔత్వమూ గుడీ సరిగ్గా పడేలా రాసింది. పక్క గడిలో స్త్రీ అని రాసింది. పన్నెండేళ్ళ పుస్తకంలో ఆ గడి ఎంత ఇరుకో, ఆ మాట పక్క గీత దాటి బయటికి వచ్చింది.

"వయసు?"

గౌతమి చొక్కా చెయ్యి మడుస్తోంది. జవాబు పక్క నించి వచ్చింది.

"ఇరవై ఐదు," అంది రత్నాలమ్మ. సీసా మూత తీసి కూతురి చేతికిచ్చి, బల్ల మీదికి వంగింది. ఆమెకి చదువు రాదు. అయినా పప్పు తిరగేసి చూసినట్టు, రాసిన వరుస మొత్తం ఈ చివర నించి ఆ చివర దాకా చూసింది.